నిర్వాణ పాటలకు విడుదల తేదీ పనికిరాదు

అమెరికా రాక్ బ్యాండు నిర్వాణ చేసిన స్టూడియో ఆల్బములు మూడే: 1989లో 'బ్లీచ్', 1991లో 'నెవర్‌మైండ్', 1993లో 'ఇన్ యుటెరో'. మూడూ కలిపితే రెండు గంటల సంగీతం. రాత్రి భోజనం చేసి మొదలుపెడితే పడుకునేలోపు అయిపోతుంది. అసలు కుప్ప వీటి బయట ఉంది. సింగిల్స్ వెనకవైపు వేసిన పాటలు, బీబీసీ రేడియో కోసం వాయించినవి, వేరే బ్యాండ్లతో చెరోవైపు పంచుకున్న ఏడంగుళాల రికార్డులు, సంకలనాలకు ఇచ్చేసిన ఒంటి పాటలు, ఇంట్లో క్యాసెట్ పెట్టుకుని బ్యాండు గాయకుడు కర్ట్ కొబేన్ ఒక్కడే పాడుకున్నవి.

ఆ కుప్పలో దిగినవాళ్ళు దాన్ని ఎక్కువగా విడుదల తేదీల వరుసలో పేర్చుకుంటారు. స్ట్రీమింగ్ యాప్‌లూ అదే చేస్తాయి. ఈ బ్యాండు విషయంలో ఆ వరుస పనికిరాకపోవడమే కాదు, వినేవాణ్ణి తప్పుదారి కూడా పట్టిస్తుందని నా వాదన. పాట ఏ రోజు ఎక్కింది, ఏ స్టూడియోలో, డ్రమ్స్ మీద ఎవరు, టేపు నడిపింది ఎవరు: ఈ నాలుగూ తెలిస్తేనే ఆ పాట మన దగ్గర ఉన్నట్టు. అంటే పోగెయ్యాల్సింది సెషన్లని, డిస్కుల్ని కాదు.

ఒక్క సెషన్ తీసుకుని చూద్దాం. 1988 జనవరి 23, శనివారం. సియాటెల్‌లో రెసిప్రొకల్ రికార్డింగ్ అనే చిన్న ఎనిమిది ట్రాకుల స్టూడియో. కొబేన్ గిటారు, క్రిస్ట్ నోవోసెలిక్ బాస్. సొంత డ్రమ్మర్ కుదరక మెల్విన్స్ బ్యాండు నుంచి డేల్ క్రోవర్‌ని తెచ్చుకున్నారు. ఇంజనీరు జాక్ ఎండినో. ఒక్క మధ్యాహ్నంలో పది పాటలు ఎక్కించి, మిక్స్ చేయించుకుని, ఆ రాత్రే టకోమాలో వాయించడానికి వెళ్ళిపోయారు. బిల్లు 152 డాలర్ల 44 సెంట్లు. ఆఖరి పాట 'పెన్ క్యాప్ చ్యూ' నడుస్తుండగా రీలు అయిపోయింది, కొత్త రీలుకి డబ్బు పెట్టదలచుకోలేదు. అందుకే ఆ పాట మధ్యలోనే సన్నగిల్లి ఆగిపోతుంది. వింటే కావాలని అలా ముగించారేమో అనిపిస్తుంది, ఏమీ కాదు.

ఇప్పుడు ఆ పది పాటలు ఎక్కడెక్కడ తేలాయో చూడండి. 'ఫ్లాయిడ్ ద బార్బర్', 'పేపర్ కట్స్' రెండూ 1989లో 'బ్లీచ్'లోకి వెళ్ళాయి. కొత్త డ్రమ్మర్ ఛాడ్ ఛానింగ్ వచ్చి మిగతా ఆల్బమంతా వాయించినా, ఈ రెండింటికీ క్రోవర్ వాయించిందే ఉంచారు. 'మెక్సికన్ సీఫుడ్' 1989లో 'తెరియాకీ ఆస్త్మా' అనే సంకలనంలో, 'బీస్‌వాక్స్' 1991లో కిల్ రాక్ స్టార్స్ లేబుల్ (రికార్డు కంపెనీ) సంకలనంలో ముందు బయటికొచ్చాయి. ఆ రెండూ, వాటితోపాటు 'డౌనర్', 'హెయిర్‌స్ప్రే క్వీన్', 'ఏరో జెప్పెలిన్' కలిసి 1992 డిసెంబరులో 'ఇన్సెస్టిసైడ్'లో కనిపించాయి. 'ఇఫ్ యూ మస్ట్', 'పెన్ క్యాప్ చ్యూ' 2004 దాకా ఆగి 'విత్ ద లైట్స్ అవుట్' అనే సీడీల పెట్టెలో వచ్చాయి. మిగిలిన 'స్పాంక్ త్రూ'ని తర్వాత ఛానింగ్‌తో మళ్ళీ ఎక్కించి, 1988 డిసెంబరులో 'సబ్ పాప్ 200' సంకలనానికి ఇచ్చారు.

ఒక్క మధ్యాహ్నం పని పదహారేళ్ళపాటు చెట్టుకొకటి పుట్టకొకటి అయింది. విడుదల వరుసలో వినేవాడికి 'నెవర్‌మైండ్' అయిన ఏడాదికి 'హెయిర్‌స్ప్రే క్వీన్' తగులుతుంది. ప్రపంచమంతా తెలిసిపోయాక వీళ్ళు ఉన్నట్టుండి గరుకుగా, వంకరగా మారారని అనుకుంటాడు. నిజానికది 'నెవర్‌మైండ్' కంటే మూడేళ్ళకు పైగా ముందుది, గ్యాంగ్ ఆఫ్ ఫోర్ లాంటి బ్యాండ్ల వాసన ఇంకా వదలని రోజులది. ఆ పదీ ఒక ఫోల్డర్‌లో పెట్టి వరసగా వినండి. కొబేన్ ఒక్కో పాటకి ఒక్కో గొంతు వేసుకుని చూడటం, ఏదీ తనకు కుదిరిందని తేల్చుకోకపోవడం అప్పుడు చెవికి ఆనుతుంది. 'బ్లీచ్'లో వినపడే రెండింటిలో ఆ వెతుకులాట తెలియదు, ఎందుకంటే అక్కడ పెట్టడానికి ఒకే రకం పాటల్ని ఏరుకున్నారు.

మన పాత సినిమా పాటలు పోగేసేవాళ్ళకు ఈ బాధ కొత్తది కాదు. సినిమాలో పూర్తి పాట, 78 రికార్డు మీద మూడు నిమిషాలకు కుదించింది, తర్వాత రేడియోలో గాయకుడు మళ్ళీ పాడింది, మూడూ ఒకే పేరుతో తిరుగుతుంటాయి. నిర్వాణ దగ్గరా గందరగోళం అక్కడే మొదలవుతుంది.

దానికి కేంద్రం 'ఇన్సెస్టిసైడ్'. బ్యాండు మొదటి లేబుల్ సబ్ పాప్ తన దగ్గరున్న పాత టేపులతో 'క్యాష్ కౌ' అనే పేరుతో ఒక సంకలనం వెయ్యాలనుకుంది. దొంగ సీడీలు అప్పటికే తిరుగుతున్నాయి. చివరికి తర్వాతి లేబుల్ గెఫెన్ కలుపుకుని, అట్ట మీద బొమ్మ కొబేన్ ఇష్టానికి వదిలేసి, 15 పాటలతో డిస్కు తెచ్చింది. వాటిలో నలుగురు డ్రమ్మర్లున్నారు. క్రోవర్‌వి ఐదు. 'డైవ్', 'స్టెయిన్', 'బిగ్ లాంగ్ నౌ' ఛానింగ్‌వి. 'స్లివర్' మడ్‌హనీ డ్రమ్మర్ డాన్ పీటర్స్‌ది. 1990 జులైలో టాడ్ బ్యాండు వాళ్ళు తమ సెషన్ మధ్యలో భోజనానికి లేచిన వ్యవధిలో దాన్ని ఎక్కించారు. మిగతా ఆరు ఆఖర్న చేరిన డ్రమ్మర్ డేవ్ గ్రోల్‌వి, ఆరూ బీబీసీ టేపులే. అట్ట చూసి ఇదొక ఆల్బమనుకుని మొదటి నుంచి చివరిదాకా వింటే నాలుగు బ్యాండ్లని ఒక బ్యాండుగా విన్నట్టే.

పైగా కొన్నిచోట్ల తప్పు వెర్షన్ ఎంచారు. 'ఎన్యూరిజం' ఇందులో ఉన్నది 1991 నవంబరులో బీబీసీలో మార్క్ గుడియర్ కార్యక్రమానికి వాయించింది. అంతకుముందే, 1991 జనవరి 1న, సియాటెల్ మ్యూజిక్ సోర్స్ స్టూడియోలో తమ సౌండ్ ఇంజనీరు క్రెయిగ్ మాంట్‌గామరీతో ఈ పాటని పద్ధతిగా స్టూడియోలో ఎక్కించారు. అది 'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్' సింగిల్ వెనక పడి ఉంది. ఈ బ్యాండు పాటల్లో నాకు అన్నిటికంటే పైన నిలిచేది అదే. మొదలైన దగ్గర్నుంచి గిటారూ డ్రమ్సూ ఒకదాన్నొకటి ఎగదోసుకుంటూ పోవడం బీబీసీ టేపులోనూ ఉంది, కానీ జనవరి టేపులో గ్రోల్ చేరి ఇంకా నాలుగు నెలలే అయిన ఆ కొత్త ఊపు వేరు. రెండూ ఒకే పాటని ఒకటి చెరిపేసిన ఫోల్డర్లు చాలా ఉంటాయి. 'బీన్ ఏ సన్' సంగతీ ఇంతే. 1989 సెప్టెంబరులో స్టీవ్ ఫిస్క్‌తో ఎక్కించింది, మధ్యలో బాస్ సోలో ఉన్నది, 'బ్లూ' ఈపీలో (ఈపీ అంటే కొద్ది పాటల చిన్న రికార్డు) వచ్చింది. 'ఇన్సెస్టిసైడ్'లోది గుడియర్ సెషన్‌ది. బాస్ సోలో కావాలంటే 2002లో 'నిర్వాణ' పేరుతో వచ్చిన ఎంపిక డిస్కు కొంటే చాలు, పాత ఈపీ కోసం డబ్బు పొయ్యక్కర్లేదు.

బీబీసీ సెషన్లనే గీటురాయిగా పెట్టుకుంటే ముక్కలవ్వడం ఇంకా బాగా తెలుస్తుంది. 1990 అక్టోబరులో బీబీసీ వ్యాఖ్యాత జాన్ పీల్ కార్యక్రమం కోసం నాలుగు పాటలు వాయించారు, నాలుగూ వేరేవాళ్ళ పాటలే: డీవో వాళ్ళ 'టర్నరౌండ్', వేసెలిన్స్ వాళ్ళ 'సన్ ఆఫ్ ఏ గన్', 'మోలీస్ లిప్స్', వైపర్స్ వాళ్ళ 'డీ-7'. మొదటి మూడూ 'ఇన్సెస్టిసైడ్'లోకి వెళితే అన్నిటికంటే మంచిదైన 'డీ-7' బయట మిగిలింది. అది ఆస్ట్రేలియా, జపాన్ పర్యటన కోసం 1992లో వేసిన 'హార్మోనింగ్' ఈపీలోనూ, తర్వాత 2004 పెట్టెలోనూ దొరుకుతుంది. 1991 సెప్టెంబరు పీల్ సెషన్‌లో మూడు పాటలు. 'డంబ్', 'ఎండ్‌లెస్, నేమ్‌లెస్' 2004 పెట్టెలో, 'డ్రెయిన్ యూ' 2011 'నెవర్‌మైండ్' డీలక్స్‌లో, అంటే అదనపు పాటలతో మళ్ళీ వేసిన ముద్రణలో. గుడియర్ సెషన్‌లో నాలుగైతే మూడు 'ఇన్సెస్టిసైడ్'లో, నాలుగోదైన 'సమ్‌థింగ్ ఇన్ ద వే' మళ్ళీ 2011లో. మూడు సెషన్లు, 11 పాటలు. అవి ఒక్క సీడీలో హాయిగా పడతాయి. ఎవరూ అలా వెయ్యలేదు, కాబట్టి మనమే పేర్చుకోవాలి.

1992 ఏప్రిల్‌లో బ్యారెట్ జోన్స్ ఇంట్లో ఉన్న లాండ్రీ రూమ్ స్టూడియోలో మూడు పాటలు చేశారు. 'కర్మడ్జన్' ఆ ఏడాదే 'లిథియం' సింగిల్ వెనక పడింది. 'రిటర్న్ ఆఫ్ ద ర్యాట్' వైపర్స్‌కి నివాళిగా టిమ్/కెర్ లేబుల్ వేసిన ఏడంగుళాల రికార్డుల పెట్టెలో చేరింది. 'ఓ, ద గిల్ట్' 1993లో టచ్ అండ్ గో లేబుల్ మీద జీసస్ లిజర్డ్ పాటకి రెండోవైపుగా వచ్చింది. 'నెవర్‌మైండ్' నునుపుకీ 'ఇన్ యుటెరో' గరుకుకీ మధ్య ఏం జరిగిందని అడిగేవాళ్ళకు జవాబు ఈ మూడు పాటల్లో ఉంది: గరుకుతనం 'ఇన్ యుటెరో'ని రికార్డు చేసిన స్టీవ్ అల్బీని తెచ్చిపెట్టింది కాదు, ఆయన దగ్గరికి వెళ్ళడానికి పది నెలల ముందే బ్యాండు అక్కడికి చేరింది. 2004 పెట్టె రెండో డిస్కులో ఈ మూడూ పక్కపక్కనే పెట్టారు. ఆ పెట్టెని తిట్టేవాళ్ళు చాలామంది, అందులో న్యాయమూ ఉంది. కానీ 61 పాటల్ని దాదాపు కాలక్రమంలో పెట్టిన ఆ ఒక్క మంచిపనికి నేను మిగతావన్నీ మాఫీ చేస్తాను.

దీనికి ఒక ఎదురువాదన ఉంది, తీసిపారేసేది కాదు. కళాకారుడు బయటపెట్టిన క్రమమే అతని మాట, మనం సెషన్ల పేరుతో దాన్ని తిరగేస్తే ఎలా? మూడు ఆల్బముల వరకూ ఈ మాటకి తలొగ్గుతాను. 'నెవర్‌మైండ్'ని ఎవరైనా రికార్డింగ్ తేదీల వరుసలో వింటే అది పిచ్చిపని. మిగతావి ఎప్పుడు ఎలా బయటికి రావాలో తేల్చింది మాత్రం ఒప్పందాలు, లేబుళ్ళ అవసరాలు, 2002 సెప్టెంబరు దాకా నడిచిన కోర్టు తగాదా. 1994లో చేసిన 'యూ నో యూ ఆర్ రైట్' ఎనిమిదేళ్ళు మూలన పడి ఉండటం ఏ కళాకారుడి క్రమం?

ఒకే పాటతో కుస్తీ పట్టడం అంటే ఏమిటో చూడాలంటే 'సాపీ' దగ్గరికి వెళ్ళాలి. 1980ల చివర్లో ఇంటి క్యాసెట్ మీద మొదలైంది, అది 2015లో 'మాంటేజ్ ఆఫ్ హెక్' ఇంటి రికార్డింగుల డిస్కులో వచ్చింది. 1990 జనవరిలో ఎండినోతో రెసిప్రొకల్‌లో చేశారు. 2005లో 'స్లివర్: ద బెస్ట్ ఆఫ్ ద బాక్స్'లో ఉంది. 1990 ఏప్రిల్‌లో విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లో, తర్వాత 'నెవర్‌మైండ్' చేసిన నిర్మాత బుచ్ విగ్ దగ్గర, స్మార్ట్ స్టూడియోస్‌లో చేశారు. 2011 డీలక్స్‌లో ఉంది. 1991లో 'నెవర్‌మైండ్' చేస్తూ సౌండ్ సిటీ స్టూడియోలోనూ ఒక చెయ్యి వేశారు. చివరికి 1993 ఫిబ్రవరిలో మిన్నెసోటాలో అల్బీనితో ఎక్కించింది కుదిరింది. కుదిరాక ఏం చేశారు? 'ఇన్ యుటెరో'లో పెట్టలేదు. 'నో ఆల్టర్నేటివ్' అనే ఎయిడ్స్ సహాయ సంకలనానికి ఇచ్చి, అట్ట మీద పేరు కూడా వెయ్యకుండా చివర్లో దాచారు. అన్నిటినీ వరసగా పెట్టి వింటే మారేది వేగమూ డ్రమ్సే, రాగం మొదటి క్యాసెట్ మీదే తేలిపోయింది. ఇన్నిసార్లు చేసినా తృప్తి పడకపోవడానికి కారణం రాగంలో లేదని, వాయిద్యాల బరువు ఎక్కడ పడాలన్న దగ్గరే ఉందని నాకనిపిస్తుంది.

ఈ పాట వల్లే పేర్ల తంటా కూడా మొదలైంది. పేరు లేకుండా వచ్చింది కాబట్టి కొన్నాళ్ళు దాన్ని 'వర్స్ కోరస్ వర్స్' అన్నారు. ఆ పేరుతో పూర్తిగా వేరే పాట ఒకటి ఉంది, 'నెవర్‌మైండ్' సెషన్లలో మిగిలిపోయింది. 2004 పెట్టెలో ఆ పేరుతో ఉన్నది అదే. స్మార్ట్ టేపులో 'ఇమోడియం' తర్వాత 'బ్రీడ్' అయింది, 'పే టు ప్లే' తర్వాత 'స్టే అవే' అయింది. దొంగ సీడీల్లో 'ది ఈగిల్ హాజ్ ల్యాండెడ్' అనే కొత్త పాట కనిపిస్తే ఎగిరి గంతెయ్యకండి. 1992లో ఇంగ్లండ్‌లోని రెడింగ్ కచేరీలో కొబేన్ 'టూరెట్స్'ని ఎగతాళిగా ఆ పేరుతో పరిచయం చేశాడు, అంతే. ఫైలుకి పేరు పెట్టేటప్పుడు టేపు నాటి పేరు ముందు రాసి, తర్వాత వచ్చిన పేరు పక్కన రాయండి.

ఇక దాచిన పాటలు. 'ఎండ్‌లెస్, నేమ్‌లెస్' 'నెవర్‌మైండ్' సీడీ చివర్లో పది నిమిషాల నిశ్శబ్దం తర్వాత వస్తుంది. మాస్టరింగ్‌లో, అంటే ముద్రణకు పంపేముందు టేపును సిద్ధం చేసే దశలో, పొరపాటున వదిలేయడంతో మొదటి విడత సీడీల్లో అది లేదు. మొదటి విడత సీడీ అని చెప్పి అమ్మేవాడు ఉంటే అట్టని కాదు, 12వ ట్రాకు నిడివి అడగండి. 20 నిమిషాలు దాటితే పాట ఉన్నట్టు, నాలుగు నిమిషాలలోపే అయితే లేనట్టు. 'ఇన్ యుటెరో'లో 'గాలన్స్ ఆఫ్ రబ్బింగ్ ఆల్కహాల్ ఫ్లో త్రూ ద స్ట్రిప్' అమెరికా బయట వేసిన సీడీల్లోనే ఉంటుంది, 'ఆల్ అపాలజీస్' తర్వాత 20 నిమిషాలు ఆగాలి. అది ఆల్బముతో కలిసి చేసింది కాదు, 1993 జనవరిలో రియో డి జనీరోలో చేసింది; సెషన్ వరుసలో దాని చోటు ఆల్బముకి ముందు. కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ఈ నిశ్శబ్దాల్ని కత్తిరించి పాటని విడిగా దాచుకోండి, కానీ అసలు ట్రాకు ఒక కాపీ ఉంచండి. డిస్కు ఏ ముద్రణదో రేపు తేల్చాల్సి వస్తే ఆ నిడివే ఆధారం.

'ఇన్ యుటెరో'కి మిక్సుల చిక్కు ఉంది. అల్బీని లక్ష డాలర్ల కూలికి, రాయల్టీ వద్దని పని చేశాడు. తర్వాత 'హార్ట్-షేప్డ్ బాక్స్', 'ఆల్ అపాలజీస్' రెండింటినీ స్కాట్ లిట్ చేత మళ్ళీ మిక్స్ చేయించారు. వాటి అల్బీని మిక్సులు 2013 డీలక్స్‌లో వచ్చాయి. లిట్ 'పెన్నీరాయల్ టీ' కూడా సింగిల్ కోసం మిక్స్ చేశాడు. 1994 ఏప్రిల్‌లో కొబేన్ చనిపోవడంతో ఆ సింగిల్ ఆపేశారు, జర్మనీలో అప్పటికే ముద్రించిన సీడీల్లో ఎక్కువ భాగం నాశనం చేశారు. మిగిలినవాటికి వేలంపాటల్లో పలికే ధర చూసి గుండె బాదుకోవాల్సిన పనిలేదు. అదే మిక్స్ అమెరికాలో వాల్‌మార్ట్, కేమార్ట్ దుకాణాల కోసం వేసిన 'శుభ్రమైన' ముద్రణలో ఉంది, వెనక అట్ట మీద 'రేప్ మీ' పేరు 'వెయిఫ్ మీ'గా మార్చిన ముద్రణ అది. 2002 ఎంపిక డిస్కులోనూ ఉంది.

ఇక్కడే వస్తువు అరుదుకీ ధ్వని అరుదుకీ తేడా చూడాలి. 1988 నవంబరులో వచ్చిన 'లవ్ బజ్' సింగిల్ 1000 కాపీలు, ఒక్కోదాని మీద ఎర్ర ఇంకుతో చేత్తో అంకె వేశారు. అంకె బదులు గీత ఉన్నవి ఇంకొన్ని. పాటలు అయిపోయిన చోట, లోపలి గాడి మీద, ఆ గిటార్లు అమ్మి పారలు కొనుక్కోరాదా అన్న అర్థంలో ఒక వాక్యం గీసి ఉంటుంది. నకిలీలు చాలా ఉన్నాయి: అంకె పెన్నుతో రాసిందా, అచ్చు వేసిందా అని భూతద్దంతో చూడాలి, లోపలి గీత ఫోటో లేకుండా బేరం ఆడకూడదు. ఈ సింగిల్‌లో పాట మొదట్లో కొబేన్ బొమ్మల రికార్డుల శబ్దాలతో చేసిన కొల్లాజ్ వినపడుతుంది; అది ఆల్బము వెర్షన్‌లో లేదు. అంటే దీనికి ధ్వనిపరంగానూ విలువ ఉంది. అదే 1991లో ఫ్లూయిడ్ బ్యాండుతో కలిసి వచ్చిన 'మోలీస్ లిప్స్' సింగిల్ చూడండి. పోర్ట్‌లాండ్ పైన్ స్ట్రీట్ థియేటర్‌లో 1990 ఫిబ్రవరి 9న వాయించింది. ఆ కచేరీ మొత్తం 2009 'బ్లీచ్' డీలక్స్‌లో శుభ్రంగా ఉంది. ఆ ఆకుపచ్చ రంగు రికార్డు కోసం డబ్బు పెడతానంటే పెట్టండి, పాట కోసమని మాత్రం చెప్పకండి.

అధికారికంగా రానివాటి కోసం 'అవుట్‌సెస్టిసైడ్' లాంటి దొంగ సీడీల నుంచి వచ్చిన ఫైళ్ళ జోలికి పోక తప్పదు. 1994 నుంచి ఐదు భాగాలుగా వచ్చిన ఆ వరుస ఎంత మేలు చేసిందో, తేదీల విషయంలో అంత చెరుపూ చేసింది. ఫైలు చేతికొచ్చాక మొదట చూడాల్సింది వేగం. క్యాసెట్ నుంచి క్యాసెట్‌కి ఎక్కించినప్పుడల్లా డెక్ వేగం రెండు మూడు శాతం అటూ ఇటూ అవుతుంది. ఆరు శాతం తేడా వస్తే అర స్వరం మారినట్టే. శ్రుతి చూసి సరిచేద్దామంటే వీళ్ళ దగ్గర కుదరదు, అర స్వరం కిందకి దించి వాయించిన కాలం ఉంది. 'సమ్‌థింగ్ ఇన్ ద వే' అయితే శ్రుతి లేని పాత గిటారుకి మిగతా వాయిద్యాల్ని సర్దుకున్న పాట, ఏ స్వరానికీ సరిగ్గా అతకదు.

నమ్మదగ్గది కరెంటు హోరు. ఆంప్లిఫయర్ల నుంచి వచ్చే హోరు అమెరికాలో 60 హెర్ట్జ్, యూరప్‌లో మన దగ్గరలాగే 50. పాటల మధ్య మౌనంగా ఉన్న పది సెకన్లు తీసుకుని ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రమ్ (ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దం ఉందో చూపే గీత) గీయించండి, సైజు 65536 పెట్టకపోతే ఒక్క హెర్ట్జ్ తేడా కనపడదు. 60 దగ్గర మసగ్గా ఉంటే 120 దగ్గర చూడండి. శిఖరం 58.5 దగ్గర ఉంటే టేపు నెమ్మదిగా నడిచినట్టు, 60ని 58.5తో భాగిస్తే 1.0256, అంటే 2.56 శాతం పెంచాలి. పెంచేటప్పుడు వేగం, శ్రుతి రెండూ కలిసి మారే పద్ధతే వాడాలి. శ్రుతిని కదపకుండా నిడివి మాత్రం మార్చేది వాడితే పని పాడైపోతుంది. రెండు శిఖరాలు కనిపిస్తే, సరిగ్గా 60 దగ్గర ఉన్నది తర్వాత కాపీ చేసిన డెక్‌ది కావచ్చు, పక్కకి జరిగి ఉన్నదే కచేరీది. 1992 ఫిబ్రవరి జపాన్ టేపులకి ఇంకో మెలిక: ఒసాకాలో 60, టోక్యోలో 50. ఊరి పేరు తప్పు రాసి ఉంటే హోరే పట్టిస్తుంది.

తర్వాత స్పెక్ట్రోగ్రామ్, అంటే పాట నడిచేకొద్దీ ఆ హెర్ట్జ్‌లు ఎలా మారతాయో చూపే బొమ్మ. 128 కిలోబిట్ల ఎంపీ3ని ఫ్లాక్‌గా (నాణ్యత తగ్గని రకం ఫైలుగా) మార్చి పంచేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. అలాంటిదానికి 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు గీత ఉంటుంది. పాత క్యాసెట్లోనూ 15 పైన ఏమీ ఉండకపోవచ్చు, కానీ అక్కడ శబ్దం మెల్లగా పలచబడుతుంది, టేపు బుసబుస పైదాకా సాగుతుంది. గీత పదునుగా ఉంటే పక్కన పెట్టెయ్యండి. బుస తగ్గించే ఫిల్టర్ వేసిన కాపీ, వెయ్యని కాపీ రెండూ దొరికితే వెయ్యనిదే ఉంచుకోవాలి. ఆ ఫిల్టర్‌తో పోయిన సింబల్ (డ్రమ్స్‌లోని లోహపు పళ్ళెం) చప్పుడు మళ్ళీ రాదు.

కొనాల్సినవి నిజానికి ఎక్కువేం లేవు. 2009 'బ్లీచ్', 'ఇన్సెస్టిసైడ్', 2002 'నిర్వాణ', 2004 పెట్టె, 2005 'స్లివర్', 2011 'నెవర్‌మైండ్' రెండు సీడీల డీలక్స్, 2013 'ఇన్ యుటెరో'. 2011లో పెద్ద పెట్టె కూడా వచ్చింది, అందులో అదనంగా ఉన్న డెవన్‌షైర్ మిక్సులు, అంటే ఆల్బమును చివరికి మిక్స్ చేసిన ఆండీ వాలెస్ చెయ్యి పడకముందు బుచ్ విగ్ చేసినవి, కావాలనుకుంటేనే అది. 2021 పెట్టె కొత్తదని పాతది అమ్మేసుకోకండి. అందులో నాలుగు కచేరీలున్నాయి, స్మార్ట్ టేపులు లేవు. 2023 'ఇన్ యుటెరో' కూడా ప్రధానంగా కచేరీలదే, ఎండినో సౌండ్‌బోర్డు టేపుల నుంచి బాగా నిలబెట్టాడు, కానీ సెషన్లు వెతికేవాళ్ళకి అందులో కొత్తగా దొరికేది తక్కువ. 2011 'నెవర్‌మైండ్' మాస్టరింగ్ మరీ గట్టిగా నొక్కేసి ఉంటుంది, గ్రోల్ స్నేర్ దెబ్బకీ పక్కనున్న గిటారుకీ ఎత్తు ఒకటే అయిపోయింది. ఆల్బము వినడానికి 1991 సీడీ పెట్టుకోండి, పాత సామాన్ల కొట్లలో చవగ్గానే దొరుకుతుంది. 2011 డిస్కుని రెండో సీడీ కోసం మాత్రం ఉంచుకోండి. ఇవన్నీ ఉన్నా 'లవ్ బజ్' సింగిల్ వెర్షన్, 'సబ్ పాప్ 200'లోని 'స్పాంక్ త్రూ' మాత్రం విడిగా వెతుక్కోవాలి. గ్రోల్ పాడిన 'మేరీగోల్డ్' తొలి రూపం కావాలంటే నిర్వాణ అల్మరాలో దొరకదు, 'లేట్!' అనే మారుపేరుతో 1992లో అతను వేసిన 'పాకెట్‌వాచ్' క్యాసెట్ దగ్గరికి పోవాలి.

ఫోల్డర్ పేర్లు ఏడాది-నెల-తేదీతో మొదలుపెట్టి, స్టూడియో, డ్రమ్మర్, ఇంజనీరు, ఆఖర్న ఏ డిస్కు నుంచి తీశారో రాయండి: '1990-04 స్మార్ట్, ఛానింగ్, విగ్, 2011 డీలక్స్' అన్నట్టు. 'నెవర్‌మైండ్'లోని 'పాలీ' కాపీ ఒకటి ఈ ఫోల్డర్‌లో పెట్టాలి. అది సౌండ్ సిటీది కాదు, ఈ స్మార్ట్ టేపే, సింబల్స్ ఛానింగ్‌వే. ఇంటి క్యాసెట్లకి నెల తెలియదు కదా అని ఖాళీగా వదిలేస్తే కంప్యూటర్ వాటిని ఆ ఏడాదికి మొదట్లో పెడుతుంది. 1994 దగ్గర ఇది తేడా కొడుతుంది. జనవరి 30న రాబర్ట్ లాంగ్ స్టూడియోలో చేసిన 'యూ నో యూ ఆర్ రైట్'కి ముందు ఇంటి క్యాసెట్ పాట 'డూ రే మీ' వచ్చి కూర్చుంటుంది. నెల తెలియనివాటికి 99 అని వేస్తే ఏడాది చివరికి పోతాయి. 'యూ నో యూ ఆర్ రైట్' ఇంటి క్యాసెట్‌కీ అదే అంకె వెయ్యండి. 1993 అక్టోబరు 23న షికాగో అరగాన్ బాల్‌రూమ్‌లో వాయించింది మాత్రం తేదీతో సహా తన చోటికి తానే వెళుతుంది.